రాజమండ్రిలో పాల్ ఉపన్యాసం, చిలకమర్తి పద్యం

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి ఇంగ్లిషులో మాట్లాడాడు. బెంగాల్ విభజన, విదేశీ వస్తు బహిష్కారం, జాతీయ విద్య గురించి ఆయన ఏం చెప్పాడో చరిత్ర పుస్తకాల్లో దొరుకుతుంది. కానీ ఆ సభల ఊసెత్తగానే తెలుగువాళ్ల నోట వచ్చేది ఆయన మాట కాదు, పక్కన నిలబడి తెనిగించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం ఆశువుగా చెప్పిన పద్యం. దాన్ని ఉపన్యాసం మీద వేసిన కొసరుగా చూడటం అలవాటైపోయింది. నా దృష్టిలో జనాన్ని పట్టుకున్న అసలు ఉపన్యాసం అదే. ఒకచోట పుట్టిన రాజకీయ వాదం ఇంకోచోట నాటుకోవాలంటే భాష మారితే సరిపోదు. అక్కడివాళ్లు ఏ తీరు మాటకు తలూపుతూ పెరిగారో ఆ తీరులోకి దిగాలి.

పాల్ తరం జాతీయవాదులకు పెద్ద ఆధారం సంపద తరలింపు వాదం. దేశం సొమ్ము ఇంగ్లండుకు ఎలా పోతోందో దాదాభాయ్ నౌరోజీ 1901లో వెలువరించిన పుస్తకంలో లెక్కలు కట్టి చూపించాడు. లెక్కలు వినడానికి ఓపిక కావాలి. చిలకమర్తి ఆ వాదాన్నంతా పాడియావు, లేగదూడలు, పాలు పిండే గొల్లవాళ్ల మధ్య పెట్టేశాడు. ఆ నాలుగు పాదాల తేటగీతిలో వరస గమనించాలి. ముందు దేశమనే ఆవు, ఆపైన ఏడ్చే దూడలు, ఆ తర్వాత గడుసు గొల్లలైన తెల్లవాళ్లు. దూడల మూతులు బిగించి కట్టారన్న సంగతి చిట్టచివరికి గానీ తెలియదు. పాలు పితకడం తప్పు కాదు, పాడి ఉన్న ప్రతి ఇంట్లో జరిగేదే. దూడకు చుక్క వదలకపోవడం పాపం. ఈ తేడా గోదావరి జిల్లాల్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పైగా పృథు చక్రవర్తి ప్రజల కోసం భూమిని గోవుగా పితికిన భాగవత కథ విన్నవాళ్లకు, ఇక్కడ రాజధర్మం తలకిందులైందని ఇట్టే తట్టి ఉండాలి. గొల్లల మీద ఆ విసురు ఈనాడైతే చెల్లదు, అది వేరే సంగతి.

సభకు వచ్చినవాళ్లలో ఇంగ్లిషు చదువుకున్న విద్యార్థులు, ప్లీడర్లు ఉన్నారు కదా, వాళ్లకు పద్యంతో పనేమిటని అడగొచ్చు. నిజమే, తొలి దెబ్బ తిన్నదీ విద్యార్థులే. వందేమాతరం బ్యాడ్జీల గొడవలో ట్రెయినింగ్ కాలేజీ నుంచి ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వెళ్లగొట్టినవాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకడు. వాళ్లకు పాల్ ఇంగ్లిషు చాలు. అయితే ఇంగ్లిషు ఉపన్యాసం సభ దాటి పోవాలంటే పత్రిక కావాలి, చదివి చెప్పేవాడు కావాలి. తేటగీతికి ఆ బాధ లేదు. యతి కుదిరిన పాదం ఒకటి రెండుసార్లు వింటే నోటికి వచ్చేస్తుంది. అక్షరం రానివాడు కూడా దాన్ని ఇంకొకడికి అప్పజెప్పగలడు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. ఆ పద్యంలో దూడలు హిందువులే. ఆ మాటకు అప్పట్లో దేశవాసులందరూ అనే అర్థం ఉండేదని సర్దిచెప్పొచ్చు గానీ, పక్కన ఆవును నిలబెట్టాక ఆ సర్దుబాటు నిలవదు. సంప్రదాయంలోంచి తీసిన పోలిక కొందరి మనసులో ఎంత లోతుకు దిగుతుందో, మరికొందరిని అంత బయటే ఉంచుతుంది. ఈ లోటు ఉన్నదే. కాకపోతే అది ఎంచుకున్న పోలికలోది, జనం ఎరిగిన రూపంలో రాజకీయం చెప్పే పద్ధతిలోది కాదు. 1940ల్లో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు దాన్ని ఊరూరా తీసుకెళ్లినవాడు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్. ఆయన చెప్పిన కథల్లో అల్లూరి సీతారామరాజుది ఒకటి. బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యం వంత, రెండో పక్క రాజకీయం వంత ఉంటారు. కథ మధ్యలో రాజకీయం వంత ఆపి అడుగుతాడు, కథకుడు జవాబు చెప్పి గాని ముందుకు సాగడు.