ఉక్కు కంటే ముందొచ్చిన మాంగనీసు

విశాఖ ఉక్కు కథ ఎవరు చెప్పినా 1966 ఉద్యమంతోనో, 1971 జనవరిలో ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపనతోనో ఎత్తుకుంటారు. నన్నడిగితే అంతకు ఎనభై ఏళ్లు వెనక్కి, చీపురుపల్లి వైపు వెళ్లాలి.

అక్కడ, అప్పటి విశాఖపట్నం జిల్లాలోని కోడూరులో, 1890ల తొలినాళ్లలో మాంగనీసు తవ్వకం మొదలైంది. దేశంలో ఈ ఖనిజాన్ని వ్యాపారానికి తవ్వడం అదే మొదలు. ముట్టుకుంటే మసి అంటుకునే నల్లరాయి అది. అక్కడి వింత శిలకు భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ ఆ ఊరి పేరే పెట్టి ‘కోడూరైట్’ అన్నాడు. విశాఖకు అప్పటికి సరైన రేవే లేదు. ఓడలు దూరాన లంగరేస్తే సరుకు పడవల మీద వెళ్లేది. 1933లో రేవు తెరిచాక మధ్య పరగణాల మాంగనీసు కూడా రాయపూర్–విజయనగరం రైలు దారిలో ఇక్కడికే దిగింది.

ఇంతా చేసి, లోహంగా చూస్తే దీనికి లోహ లక్షణాలు అంతంతమాత్రమే. 1774లో స్వీడన్‌లో రసాయన శాస్త్రవేత్త గాన్ ఆ నల్లరాయిని బొగ్గుతో కాల్చి దీన్ని విడదీశాడు. ఆవర్తన పట్టికలో 25వ గది, క్రోమియానికీ ఇనుముకీ నడుమ. ఇనుము 1538 డిగ్రీల దగ్గర కరిగితే ఇది 1246కే కరుగుతుంది. ఇనుము స్ఫటికంలో ఒక్కో గూటికి రెండు పరమాణువులు చాలు, దీనికి 58 కావాలి. అంత చిక్కు అమరికలో పొరలు జారవు. అందుకే సమ్మెట పడితే సాగదు, పగులుతుంది.

ఆవర్తన పట్టిక కూర్చిన మెండలీవ్ దీన్ని ఏడో గ్రూపులో క్లోరిన్ పక్కన కూర్చోబెట్టాడు. లోహానికీ వాయువుకీ పొత్తేమిటి అనిపిస్తుంది. ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు రెండూ ఏడు దాకా వేలన్సీ చూపుతాయి మరి. బావుల్లో చల్లే ఊదారంగు పర్మాంగనేట్‌లో ఉన్నది ఆ ఏడే. మాంగనీసు కింద అతను వదిలిన ఖాళీలు 1925లో రీనియంతో, 1937లో టెక్నీషియంతో నిండాయి.

ఒంటరిగా పెళుసైన ఈ లోహమే ఉక్కును పగలనివ్వదు. ఉక్కులో మిగిలిన గంధకం ఇనుముతో కలిస్తే ఆ సమ్మేళనం రేణువుల అంచుల్లో చేరి, ఎర్రగా కాల్చి రోలింగ్ చేసేటప్పుడు కరిగి బీటలు తెస్తుంది. మాంగనీసు ఉంటే గంధకం దాన్నే పట్టుకుంటుంది, ఆ జంట ఆ వేడికి కరగదు. అందుకే అదే చీపురుపల్లి వైపు గరివిడిలో 1950లలోనే ఉక్కులో కలిపే ఇనుము–మాంగనీసు మిశ్రమం, ఫెర్రో మాంగనీసు, చేసే కొలిమి వెలిసింది, విశాఖ ఉక్కు కర్మాగారం గర్భాంలో సొంత మాంగనీసు గని పెట్టుకుంది.