ఒకే వాన, రెండు విస్తళ్ళు

సాహిత్య విమర్శ పత్రికలో కూరగాయల ప్రస్తావన ఏమిటని కొందరు మిత్రులు నొసలు చిట్లించవచ్చు. 1949లో సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువడేదాకా చరిత్ర అంటే రాజుల వంశావళులు, యుద్ధాల తేదీలు అనే అనుకునేవాళ్ళు మనలో చాలామంది. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని అడిగి, ఆ ప్రశ్నలకు జవాబులను మన కావ్యాల్లోంచే వెలికితీసి చూపించారాయన. 1955లో తెలుగుకు వచ్చిన మొదటి సాహిత్య అకాడమీ బహుమతి ఆ గ్రంథానికే దక్కింది. ఆ దారిలోనే నేనూ ఒక చిన్న ప్రశ్న వేస్తున్నాను. ఏ కాలంలో పండినది ఆ కాలంలో తినడమా, ఎక్కడో పండినదాన్ని ఏడాది పొడవునా కొనుక్కోవడమా అన్న చర్చ ఇవాళ పట్నాల్లో బాగా సాగుతోంది. అయితే అది రుచికీ ఆరోగ్యానికీ మాత్రమే సంబంధించిన విషయమైనట్టు, భూమితో, వర్గంతో, కులంతో దానికి పనేమీ లేనట్టు సాగుతోంది. చరిత్ర అలా చెప్పడం లేదు.

ఋతువునుబట్టి తినడానికి మన సాహిత్యంలో దొరికే గొప్ప సాక్ష్యం ‘ఆముక్తమాల్యద’. 1509 నుంచి 1529 దాకా పాలించిన కృష్ణదేవరాయలు అందులో విష్ణుచిత్తుడి ఇంటి ఆతిథ్యాన్ని మూడు కాలాలకు మూడు రకాలుగా వర్ణించాడు. ఎండాకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరి నీళ్ళు, వడపిందెలు, నీరుచల్ల. చలికాలంలో మిరియపు పొడితో చుర్రుమనే కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్ళు, నెయ్యి, పాలు. జడివాన కాలంలో వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు వేపుళ్ళు, వడియాలు, వరుగులు, పెరుగు. ఆ వానలో తడికట్టెల పొగ భార్య కళ్ళలోకి పోకుండా కొబ్బరి చిప్పలు వంటచెరకయ్యాయని కూడా రాయలు మరిచిపోకుండా చెప్పాడు. ఈ పద్యాలు చెప్పేటప్పుడు తెలుగు పంతుళ్ళం సాధారణంగా ‘లోకజ్ఞత’ అనే ఒక్క మాటతో సరిపెట్టి ముందుకు పోతాం.

అదే కావ్యంలో, వర్షర్తు వర్ణనలో, ఇంకో పద్యం వుంది. అది కాపు రెడ్ల తిండి గురించి. గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిస ఆకులను చింతచిగురుతో కలిపి నూనెతో వండుకుని, ఆరికెల అన్నంతో తిని, మేకపెంట కుంపటి పక్కన మంచమెక్కి పడుకున్నారు వాళ్ళు. ఈ రెండు పద్యాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. వాన ఒకటే, కవి ఒకడే, విస్తళ్ళు మాత్రం రెండు. ఒక విస్తట్లో ఎండాకాలంలో ఎండబెట్టి దాచుకున్న వరుగులు, వడియాలు వున్నాయి. రెండో విస్తట్లో ఆ రోజు గట్టుమీద గిల్లుకొచ్చిన ఆకు వుంది. నిలవ వున్నవాడు వానను తట్టుకుంటాడు. నిలవ లేనివాడు వాన మొలిపించినదాన్ని తింటాడు. ఇద్దరూ ‘స్థానికం’గానే, ‘ఋతుబద్ధం’గానే తిన్నారు. కానీ ఇద్దరికీ ఋతువు ఒకటి కాదు.

పాతకాలపు తిండిని తలచుకుని నిట్టూర్చే వాళ్ళు చూడని విషయం ఇదే. వాళ్ళు విష్ణుచిత్తుడి విస్తరిని చూపించి “మన పూర్వులు” అంటారు. ఆ పూర్వుల్లో గట్టుమీది ఆకు తిన్నవాళ్ళను లెక్కించరు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ అక్కడి బజారులో నిమ్మ, నారింజ, వంకాయల రాశులు చూసి విస్తుపోయాడు. ఆ రాశులను పండించిన చేతులకు ఆ రోజు ఏ కూడు దొరికిందో తెలియాలంటే మాత్రం పాయెస్ రాతకన్నా ఆరికెల అన్నం పద్యమే మనకు ఎక్కువ పనికొస్తుంది.

ఇక స్వదేశీ విదేశీ సంగతి చూద్దాం. రాయల చలికాలపు కూరల్లో కారం మిరియానిది. మిరపకాయ అప్పటికి ఆ విస్తట్లోకి రాలేదు. అమెరికా ఖండంలో పుట్టిన మిరప పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చింది. మనవాళ్ళు దానికి మిరియం పేరునే కాస్త సాగదీసి పెట్టుకున్నారు. ఇవాళ గుంటూరు పేరు చెబితే గుర్తొచ్చేది ఆ పరాయి కాయే. బంగాళాదుంప అని కోస్తాలో, ఉర్లగడ్డ అని రాయలసీమలో, ఆలుగడ్డ అని తెలంగాణలో మనం పిలిచే దుంపదీ, రామములగ, తక్కాళి, టమాటా అని పేర్లు మార్చుకున్న పండుదీ అదే కథ. తద్దినాల వంటలో మిరపకాయకూ టమాటాకూ బంగాళాదుంపకూ చోటివ్వని ఇళ్ళు ఇప్పటికీ వున్నాయి. దాన్ని శౌచం అంటారు గానీ నిజానికి అది అయిదు వందల ఏళ్ళ నాటి వంటింటి జ్ఞాపకం, ఆచారంగా గడ్డకట్టింది.

కాబట్టి ‘పరాయి’ అన్న ఒక్క కారణంతో ఒక కాయను కాదనడం చరిత్రకు ఎదురు నిలవడమే. మిరప మనదెలా అయింది? దాని గింజ రైతు ఇంట్లో మిగిలింది. కల్లంలో ఎండిన కాయల్లోంచి మంచివి ఏరి, వచ్చే ఏటికి మూటకట్టి చూరుకు వేలాడదీసింది ఇంటి ఆడమనిషి. ఏ నేలలో వెయ్యాలో, ఏ కార్తెలో నారు పొయ్యాలో ఆ ఊరే తేల్చుకుంది. పరాయి మొక్క మన ఋతువులోకి వచ్చి కుదురుకుంది. మన ఋతువును అది చెరపలేదు.

వలసపాలనలో వచ్చిన కూరల కథ వేరు. 1840లలో ఊటీలో తెల్లదొరలు తమ పళ్ళేల కోసం చందాలు వేసుకుని కూరల తోట పెట్టించుకున్నారు. 1848లో అక్కడి ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానం మొదలైంది దాని కొనసాగింపుగానే. క్యాబేజీ, క్యారెట్, కాలీఫ్లవర్ ‘ఇంగ్లీషు కూరలు’ అనే పేరుతో కంటోన్మెంట్ల నుంచి ఉద్యోగుల ఇళ్ళకు, అక్కణ్ణుంచి పెళ్ళి విందులకు పాకాయి. ఆ కూరల్లో దోషం లేదు. అయితే వాటితోపాటు ఒక అంతస్తు కూడా వచ్చింది. బజారులో కొన్నది గౌరవమైంది, చేలో కోసుకొచ్చింది పేదరికానికి గుర్తయింది.

ఋతువుతో పనిలేని పళ్ళెం ఎలా తయారవుతుందో తెలియాలంటే మాత్రం లాటిన్ అమెరికా చూడాలి. అమెరికా పట్నవాసి బల్లమీద ఏడాది పొడవునా అరటిపండు వుండటానికి చల్లటి గదులున్న ఓడలు, రైలుమార్గాలు, వేల ఎకరాల తోటలు కావలసివచ్చాయి. 1899లో ఏర్పడిన యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ వాటిని చేజిక్కించుకుంది. 1928లో కొలంబియాలోని సియెనాగాలో సమ్మెచేసిన అరటితోటల కూలీలమీద సైన్యం కాల్పులు జరిపింది. ఆ నెత్తురే 1967లో మార్క్వెజ్ ‘వందేళ్ళ ఏకాంతం’ నవలలోకి ప్రవహించింది. గ్వాటెమాలాలో కంపెనీ బీడుగా వుంచుకున్న భూములను పేదలకు పంచబోయిన ఆర్బెంజ్ ప్రభుత్వం 1954లో కూలిపోయింది. ఏ కాలంలోనైనా చవగ్గా దొరికే పండు వెనక ఇంత చరిత్ర వుంది. అక్కడి రచయితలు ఆ పండును వదిలిపెట్టలేదు.

మనకు ఇదంతా ఆలస్యంగా, వేరే రూపంలో వచ్చింది. 2001 ఏప్రిల్ 1న మనదేశం దిగుమతులపై మిగిలిన పరిమాణ ఆంక్షలను ఎత్తివేసింది. వాషింగ్టన్ ఆపిల్, న్యూజిలాండ్ కివీ పండు చిన్న పట్నాల తోపుడుబండ్లమీదికి కూడా వచ్చాయి. కానీ అసలు మార్పు బయటనుంచి వచ్చిన పండులో లేదు, ఇక్కడ పండే కూరలోనే వుంది. ఏడాది పొడవునా పండే టమాటాకు సంకర విత్తనం ఏటా కొనాల్సిందే. దాని గింజ దాచి మళ్ళీ వేస్తే అదే పంట రాదు. చూరుకు వేలాడిన మూట దుకాణంలో పొట్లమైంది. దాని ధర రైతు చేతిలో లేదు.

2023 వేసవి తర్వాత జరిగింది గుర్తు తెచ్చుకోండి. జులైలో టమాటా కిలో 200 రూపాయలు దాటింది. ఆగస్టులో నేపాల్ నుంచి దిగుమతి చేసుకుంటున్నట్టు ఆర్థికమంత్రి పార్లమెంటులో చెప్పారు. సెప్టెంబరు వచ్చేసరికి ధర కుప్పకూలి రాయలసీమ రైతులు తెచ్చిన కాయను పారబోసుకున్నారు. ధర పెరిగితే దిగుమతికి రోజుల్లో దారి దొరికింది. ధర పడిపోయినప్పుడు రైతును ఆదుకునే దారి అంత వేగంగా దొరకలేదు. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటైన మదనపల్లె చుట్టుపక్కల రైతుకు ఇది కొత్త కాదు. పట్నంలో కొనేవాడికి ఋతువు రద్దయింది. ఆ రద్దు ఖర్చు పండించేవాడి ఖాతాలో పడింది.

ఇంకో నష్టం గురించి ఎవరూ లెక్క రాయడం లేదు. ఈమధ్య తొమ్మిదో తరగతిలో పిల్లలను తమకు తెలిసిన ఆకుకూరల పేర్లు రాయమన్నాను. చాలామంది తోటకూర, పాలకూర, గోంగూర దగ్గర ఆగిపోయారు. తల్లివెంట కూలికి చేలకు పోయే ఒక దళిత బాలిక పదిహేడు పేర్లు రాసింది. అందులో చెంచలి వుంది, తుమ్మి వుంది, పొనగంటి, గలిజేరు, పాయలకూర వున్నాయి. రాయలు పద్యంలో పెట్టిన ఆకులు అయిదు వందల ఏళ్ళ తర్వాత ఆ పిల్ల కాగితం మీద కనిపించాయి. నిఘంటువు చూసి అర్థం చెప్పే నాకన్నా ఆ పద్యం ఆమెకే దగ్గర. కానీ ఆ ఆకులు మొలిచే చేలలో ఇవాళ కలుపుమందు కొడుతున్నారు. తిండిగా వున్నది కలుపు అయింది. ఒకప్పుడు కందులూ దోసకాయలూ కలిసి పండిన చేలను తెలంగాణలో పత్తి ఒక్కటే కప్పేస్తోంది. వినాయక చవితినాడు తుమ్మికూర తినే ఇళ్ళలో సైతం ఆ ఒక్కపూట కూరను బజారులో కొంటున్నారు.

ఇంత చెప్పి వెనక్కి పొమ్మంటున్నానా? లేదు. పాత ఋతుచక్రంలో ఆకలి నెలలు కూడా వుండేవి. కొత్త పంట చేతికి వచ్చేలోపు గంజితో గడిపిన ఇళ్ళకు ఋతువు అలంకారం కాదు, భయం. చలువ గిడ్డంగినీ రవాణానూ కాదనే హక్కు కడుపు నిండినవాళ్ళకు లేదు. కూలికి పోయి చీకటిపడ్డాక ఇంటికొచ్చే స్త్రీని “వరుగులు ఎండబెట్టుకో” అని దెప్పిపొడిచే సనాతనత్వం మనకు అక్కర్లేదు. విష్ణుచిత్తుడి నిలవ అందరి ఇళ్ళలోనూ వుండాలన్నదే కోరిక. ఆ నిలవమీద, ఆ గింజమీద, ఆ ధరమీద అధికారం ఎవరిదన్నదే ప్రశ్న.

ఇది కలగా మాత్రమే లేదు. 1983లో జహీరాబాద్ ప్రాంతంలో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత స్త్రీలు జొన్న, కొర్ర, సామల పాత విత్తనాలను తమ ఇళ్ళలో నిలబెట్టారు. విత్తకుండా మొలిచే ఆకుకూరలను తిండిగా గుర్తింపజేశారు. ఆరికెల అన్నం పద్యంలోని విస్తరి వాళ్ళ దగ్గర అవమానం కాదు, హక్కు.

అభ్యుదయ సాహిత్యం మన దేశంలో రైతును కావ్య నాయకుణ్ణి చేసింది. అయితే ఆ నాయకుడి పళ్ళెంలోకి మనం తొంగిచూసింది తక్కువ. మన కథల్లో ఇప్పటికీ “కూర వండింది” అని రాసి ఊరుకుంటాం. ఏ కూర, ఏ నెలలో, కొన్నదా కోసుకొచ్చిందా, ఎవరు కోశారు అన్నది రాస్తే ఆ ఒక్క వాక్యంలోనే ఆ ఇంటి భూమి, కులం, అప్పు తెలిసిపోతాయి. అయిదు వందల ఏళ్ళ కిందట ఒక రాజు తనకు ఆ అవసరం లేకపోయినా కాపువాడి విస్తట్లోని ఆకుల పేర్లు ఒక్కొక్కటీ రాసిపెట్టాడు. ప్రజల పక్షాన నిలబడ్డామని చెప్పుకునే మనం ఆ పేర్లు తెలియకుండా రాయడం ఎలా సమర్థించుకుంటాం? సాహిత్య విద్యార్థులు ఈ సెలవుల్లో తమ ఊళ్ళకు వెళ్ళినప్పుడు కూలి స్త్రీల పక్కన కూర్చుని ఆ పేర్లు రాసుకురావాలని, ఏ ఆకు ఏ నెలలో ఏ చేలో మొలిచేదో, ఇప్పుడు ఎందుకు మొలవడం లేదో అడిగి తెలుసుకోవాలని నా విన్నపం.