చిరునామాల చిట్టా

పబ్లిక్ పరీక్షల మొదటినాటి ఉదయమున ఏ పాఠశాలకు వెళ్ళి చూచినను ఒకే దృశ్యము కనబడును. పిల్లలందరును హాల్ టిక్కెట్లు చేతబట్టుకొని నోటీసు బోర్డు ముందు గుమిగూడియుందురు. టిక్కెట్టుమీద నెంబరున్నది, కాని ఆ నెంబరును ఎంతసేపు చూచినను తాను కూర్చుండవలసిన బల్ల ఎక్కడనున్నదో తెలియదు. నెంబరు వేరు, చోటు వేరు. ఆ రెంటిని కలుపునది బోర్డుమీద అంటించిన కాగితము మాత్రమే. ఒక గది కప్పు కారుచున్నచో ప్రధానోపాధ్యాయుడు అందులోని వారిని మరియొక గదికి మార్చి కాగితమును దిద్దిన చాలును. ఎవ్వరి టిక్కెట్టును మార్చనక్కరలేదు.

ఇంత సామాన్యమైన ఏర్పాటు కంప్యూటరు మెమరీలోనికి వచ్చుటకు పదునాలుగు సంవత్సరములు పట్టినది. వచ్చిన తరువాత ఆ కాగితమును పెట్టుకొనుటయే పెద్ద సమస్యయైనది. నేటి ప్రతి కంప్యూటరులోను, మన చేతిలోని ఫోనులోను, కెర్నెల్ అనబడు మూల ప్రోగ్రాము క్షణక్షణము ఆ కాగితములను దిద్దుచునేయున్నది. దీనినే వర్చ్యువల్ మెమరీ అనియు, ఆ కాగితమును పేజీల పట్టిక అనియు అందురు.

మా తరగతిలో ఏటేట ఎవరో ఒక విద్యార్థి లేచి అడుగుచుండును: “సార్, మెమరీ చాలనప్పుడు గదండీ ఇది కనిపెట్టినది? ఇప్పుడు మెమరీ కావలసినంత దొరుకుచున్నది గదా, ఇంకను ఇదెందుకండీ?” ఇది మంచి ప్రశ్న. పాఠ్యపుస్తకములో దీనికి జవాబు ఒక వాక్యములో ఉండును, చరిత్ర తెలిసినగాని ఆ వాక్యము మనసుకెక్కదు.

1948 జూన్ 21వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయములో ఫ్రెడ్ విలియమ్స్, టామ్ కిల్‌బర్న్ మొదలగువారు కట్టిన చిన్న యంత్రము తన మెమరీలోనే దాచుకొన్న ప్రోగ్రామును నడిపినది. ఆ మెమరీలో పట్టునవి 32 పదములు మాత్రమే. అది చాలదని మరుసటి యేడు అయస్కాంతపు పూత పూసిన డ్రమ్మును యంత్రమునకు తగిలించిరి. డ్రమ్ములో చాల పట్టును, కాని అది గిరగిర తిరుగుచు మనకు కావలసిన భాగము ఎదుటికి వచ్చువరకు వేచియుండవలెను. ఇట్లు వేగముగల చిన్న మెమరీ యొకటి, నిదానమైన పెద్ద మెమరీ యొకటి ఏర్పడినవి. ఏది ఎప్పుడు ఇక్కడికి తేవలెను, దేనిని అక్కడికి పంపవలెను అను లెక్క యంతయు ప్రోగ్రాము వ్రాయువాని నెత్తిన పడెను. గణితసమస్య ఒక వంతైతే ఈ సామాను మోత మరియొక వంతు. ఒక యంత్రమునకు కుదిరిన లెక్క మెమరీ పరిమాణము మారిన మరియొక యంత్రమునకు కుదరదు. మరల మొదటినుండి వ్రాయవలసినదే.

ఈ మోతను యంత్రమే తనంతట తాను చేసికొనవచ్చునని 1956-57 ప్రాంతమున బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయములో ఫ్రిట్జ్ రుడాల్ఫ్ గూంచ్ తన డాక్టరేటు వ్యాసములో వివరించెను. కాని దానిని నిజముగా కట్టి చూపినది కిల్‌బర్న్ బృందమే. వారును ఫెరాంటి కంపెనీవారును కలిసి నిర్మించిన అట్లాస్ అను యంత్రమునకు 1962 డిసెంబరు 7న ప్రారంభోత్సవము జరిగెను.

అట్లాస్ లెక్కలు ఒకసారి చూతము. వేగముగల మెమరీలో 16,384 పదములు. డ్రమ్ములలో 98,304 పదములు. ప్రోగ్రాము వ్రాయువాడు మాత్రము తనకు పదిలక్షలకు పైగా చిరునామాలున్నవనుకొని వ్రాసికొనవచ్చును. సమాచారమునంతటిని 512 పదములకొక పేజీ చొప్పున విభజించిరి. 16,384ను 512చే భాగించిన 32 వచ్చును. అనగా వేగముగల మెమరీలో 32 పేజీలకు చోటున్నది. ఆ ఒక్కొక్క చోటికి ఒక్కొక్క రిజిష్టరును కట్టి, ప్రస్తుత మచట కూర్చున్న పేజీ నెంబరును అందులో వ్రాసియుంచిరి. ప్రోగ్రాము ఏదైన చిరునామా అడిగినచో 32 రిజిష్టర్లును ఒక్కసారిగా తమ నెంబరుతో పోల్చి చూచుకొనును. ఒకటి “నాదే” అన్నచో పని సాగును. ఏదియు అనకపోయినచో ప్రోగ్రామును ఆపి, సూపర్‌వైజరు అను పర్యవేక్షక ప్రోగ్రాము లేచి, డ్రమ్మునుండి ఆ పేజీని తెప్పించును. నేటి కెర్నెల్‌కు అది పూర్వజుడనవచ్చును.

తెచ్చుట సులభము, దేనిని ఖాళీ చేయవలెనన్నదే చిక్కు. వేగముగల మెమరీని ఒకసారి చూచుటకు సుమారు 2 మైక్రోసెకండ్లు. డ్రమ్ము ఎదుటికి వచ్చుటకు సగటున 6 మిల్లీసెకండ్లు. అనగా మూడువేల రెట్లు. తప్పు పేజీని బయటికి పంపినచో మరుక్షణమే దానిని మరల తెచ్చుకొనవలసి వచ్చును. ఇంటిలో అటకమీదికి ఏ సామాను ఎక్కింపవలెనో ఇల్లాలు ఎట్లు తేల్చునో గమనింపుడు. ఊరక వారమురోజులు వాడలేదని ఎక్కించదు. వారమునకొకసారి వాడు గిన్నె ఎనిమిదవ రోజైనను దిగకపోయినచో దానితో పని తీరినదనుకొనును. కిల్‌బర్న్ బృందము చేసినది సరిగా ఇదే. ప్రతి పేజీకిని గతములో ఎంతకాలము వాడక ఉన్నదో, ఇప్పుడెంతకాలముగా వాడక ఉన్నదో రెండు సంఖ్యలుంచి, రెండవది మొదటిదానిని దాటిన పేజీని పంపివేయునట్లు ఏర్పాటు చేసిరి. యంత్రము తన అనుభవము నుండి నేర్చుకొనును గనుక దీనికి నేర్పరి ప్రోగ్రామని పేరుకూడ పెట్టిరి. అట్లాస్ మాంచెస్టరులో 1971 వరకు పనిచేసినది.

అయితే చోటుకొక రిజిష్టరు అను పద్ధతి 32 చోట్లకు కుదిరినది గాని, మెమరీ పెరిగినకొలది రిజిష్టర్ల ఖర్చును పెరుగును. అందుచేత 1960-70 మధ్య అమెరికాలో కట్టిన యంత్రములలో, అనగా మల్టిక్స్ వ్యవస్థ నడిచిన జి.ఇ. 645లోను, ఐ.బి.యం. 360 మోడల్ 67లోను, పట్టికను మెమరీలోనే వ్రాసియుంచిరి. దీనితో క్రొత్త బాధ వచ్చెను. ఒక పదమును చూడవలెనన్న ముందు పట్టికను చూడవలెను; పట్టికయు మెమరీలోనే గదా! ఒక పనికి రెండు మూడు ప్రయాణములు. దీనికి విరుగుడుగా ఇటీవల చూచిన నెంబర్లను కొన్నింటిని విడిగా చిన్న రిజిష్టర్లలో జ్ఞాపకముంచిరి. మోడల్ 67లో అట్టివి ఎనిమిది. ఏ ప్రోగ్రామైనను కొంతసేపు కొన్ని పేజీలలోనే తిరుగుచుండును గనుక ఆ ఎనిమిదియే చాలవరకు ఆదుకొన్నవి. పరీక్షగదిలో కాపలా ఉపాధ్యాయుడు మొదట రెండుసార్లు కాగితము చూచి, తరువాత పిల్లల ముఖములు చూచియే చెప్పినట్లు.

ఇంతైనను అందరును నమ్మలేదు. మనిషి ఆలోచించి చేయు సర్దుబాటుకు యంత్రము సాటివచ్చునా అని అనుభవజ్ఞులే సందేహించిరి. ఆ సందేహమునకు కారణమును లేకపోలేదు. ఒకే యంత్రముమీద అనేక ప్రోగ్రాములను నడిపినప్పుడు, ఒక హద్దు దాటి ఇంకొక్క ప్రోగ్రామును చేర్చినంతనే యంత్రము హఠాత్తుగా కుంటుబడుచుండెను. ఒకదాని పేజీని మరియొకటి తరిమివేయును. అది తిరిగివచ్చి ఇంకొకదానిని తరుమును. పేజీల రాకపోకలు తప్ప పని సాగదు. పీటర్ డెన్నింగ్ 1968లో దీని మూలమును విప్పి చెప్పెను. ప్రతి ప్రోగ్రామునకును ఆ సమయమున కావలసిన కనీసపు పేజీల సమూహ మొకటి ఉండును. ఆ సమూహములన్నిటికి చోటున్నంతవరకే క్రొత్త ప్రోగ్రామును లోనికి రానీయవలెను. భోజనాల బంతిలో ఎన్ని విస్తళ్ళు పట్టునో చూచుకొని పిలుచుటవంటిది. 1969లో ఐ.బి.యం.కు చెందిన డేవిడ్ సేయర్ యంత్రపు సర్దుబాటును మనిషి సర్దుబాటుతో పోల్చి, యంత్రము తీసిపోదని తేల్చెను. వాదము అంతటితో సద్దుమణిగినది.

ఈ కథలో నాకు అన్నిటికంటె నచ్చిన ఘట్టము కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయములో జరిగినది. 1977లో వెలువడిన వాక్స్ 11/780 యంత్రమునకు వర్చ్యువల్ మెమరీ ఏర్పాటు ఉన్నది. కాని దానిమీద నడుచు యూనిక్స్ ప్రోగ్రామును మొత్తముగా లోనికి తెచ్చుట, మొత్తముగా బయటికి పంపుట తప్ప పేజీల ఊసెరుగదు. ఓజాల్ప్ బబావోలు, బిల్ జాయ్ అను ఇరువురు విద్యార్థులు దానికి పేజీల విద్య నేర్పబూనిరి. ఒక లోపము అడ్డువచ్చెను. పేజీని ప్రోగ్రాము తాకినదా లేదా అని గుర్తుపెట్టు బిట్టు వాక్స్ పట్టికలో లేదు! అది లేనిదే ఏది పాతబడినదో తెలియదు. వారేమి చేసిరనగా, పేజీ మెమరీలో ఉండగానే పట్టికలో “లేదు” అని వ్రాసిరి. ప్రోగ్రాము దానిని తాకగానే యంత్రము ఆగి కెర్నెల్‌ను పిలుచును. కెర్నెల్ చూచి, “ఉన్నదిలే” అని దిద్ది పంపివేయును. అట్లు ఎవరును తాకకుండ మరల తన వంతు వచ్చువరకు “లేదు” గానే మిగిలిన పేజీ నిజముగా పాతబడినదన్నమాట. గదికి తాళము వేయక తలుపు దగ్గరకు వేసి, ఎవరైన త్రోసిరా అని చూచుకొనుటవంటి ఉపాయము. 1979 చివర వెలువడిన మూడవ బర్క్‌లీ యూనిక్స్‌లో ఇది పనిచేసినది. పట్టికలోని ఒక అబద్ధముతో యంత్రపు లోపమును పూడ్చిన నేర్పిది. పట్టికలో వ్రాసినది కేవలము చిరునామా మాత్రమే కానక్కరలేదని, కెర్నెల్ తన అవసరమునకు దానితో ఎట్టి ఆటయైన ఆడవచ్చునని దీనితో బోధపడుచున్నది.

ఇక పట్టిక పరిమాణము సంగతి. 1985లో ఇంటెల్ వారి 80386 ప్రాసెసరు వచ్చెను. చిరునామాకు 32 బిట్లు. పేజీకి 4,096 బైట్లు. ఇందులో పేజీలెన్ని? రెండు యొక్క ఇరువదవ ఘాతము, అనగా 10,48,576. పట్టికలో వరుసకు 4 బైట్ల చొప్పున 4 మెగాబైట్లు కావలెను, అదియు ఒక్కొక్క ప్రోగ్రామునకు! ఆ కాలపు సామాన్య కంప్యూటరులో మొత్తము మెమరీయే అంత ఉండుట అరుదు. ఇల్లంతయు చిట్టాకే సరిపోయినచో సామాను ఎక్కడ పెట్టుదుము?

మరల పాఠశాల ద్వారము వద్దకే పోవుదము. పెద్ద పరీక్షాకేంద్రములో పేర్లన్నియు ఒకేచోట అంటింపరు. ద్వారము వద్ద ఏ నెంబర్లు ఏ గదిలో అని ఒక కాగితము. ప్రతి గది తలుపుమీద బల్లల వివరముతో ఒక కాగితము. ఎవ్వరును లేని గదికి కాగితమే అక్కరలేదు. 80386లో చిరునామాలోని మొదటి 10 బిట్లు ద్వారపు కాగితములో వరుసను చూపును. తరువాతి 10 బిట్లు గది కాగితములో వరుసను చూపును. చివరి 12 బిట్లు పేజీలో స్థానమును చూపును. ఒక్కొక్క కాగితములో 1,024 వరుసలు, అనగా సరిగా ఒక పేజీ. చిన్న ప్రోగ్రామునకు ద్వారపు కాగితమొకటి, గది కాగితములు రెండు చాలును: 12 కిలోబైట్లు. నాలుగు మెగాబైట్ల భారము ఇంతకు దిగినది. విద్యార్థులు దీనిని కాగితముమీద వేసి చూచుకొనిన బాగుండును.

1991లో లీనస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ కెర్నెల్‌ను మొదలుపెట్టినది ఈ 80386 మీదనే. 64 బిట్ల ప్రాసెసర్లు వచ్చిన తరువాత చిరునామాలో 48 బిట్లు వాడుకలోనికి వచ్చెను. ఒకే పట్టికగా వ్రాసినచో 512 గిగాబైట్లగును. అందుచేత తొమ్మిదేసి బిట్లతో నాలుగంతస్తులు కట్టిరి. 2005 నుండి లినక్స్‌లో నాలుగంతస్తుల పట్టికలున్నవి. పెద్ద యంత్రములకై 2017లో అయిదవ అంతస్తును చేర్చిరి.

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వత్తము. ఆరవ తరగతిలోను అయిదవ నెంబరు పిల్లవాడున్నాడు, ఏడవ తరగతిలోను ఉన్నాడు. హాజరుపట్టీలు వేరు గనుక తగవు లేదు. అట్లే ప్రతి ప్రోగ్రామునకు తన పట్టిక తనకున్నది. తన పట్టికలో లేని చోటును పేర్కొనుటకే దానికి మార్గము లేదు. బ్యాంకు లెక్కలు చూపు ప్రోగ్రామును, ఆటలాడు ప్రోగ్రామును ఒకే ఫోనులో ఉండియు ఒకదాని గుట్టు మరియొకటి చూడలేకుండుట దీనివలననే. మెమరీ ఎంత చవుకయైనను ఈ గోడ అక్కర తీరదు. కొరత తీర్చుటకు కట్టినదానిని నేడు కాపుదలకే ఎక్కువగా నమ్ముకొనియున్నామని నా అభిప్రాయము.

ఆ నమ్మకమునకు 2018 జనవరిలో దెబ్బ తగిలినది. వేగముకొరకు కెర్నెల్ తన పేజీలనుకూడ ప్రతి ప్రోగ్రాము పట్టికలోను వ్రాసియుంచి, “ప్రోగ్రాము తాకరాదు” అను బిట్టును మాత్రము పెట్టుట చిరకాలముగా ఉన్న వాడుక. ప్రోగ్రాము కెర్నెల్‌ను సాయమడిగినపుడెల్ల పట్టిక మార్చనక్కరలేదు గదా. కాని ఇంటెల్ ప్రాసెసర్లలో అనేకము, తొందరలో, ఆ బిట్టును చూచి నిషేధించుటకు ముందే లోపలి పేజీని చదివి కొంత పని చేసివేయుచున్నవని తేలెను. ఆ పనిని తరువాత రద్దు చేసినను దాని జాడ వేగపు మెమరీలో మిగులును. కాలమును కొలిచి ఆ జాడను పట్టవచ్చును. ఈ లోపమునకు మెల్ట్‌డౌన్ అని పేరు పెట్టిరి.

దీనికి మందు అప్పటికే ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయము వారు 2017లో వేరొక ప్రయోజనముకొరకు సూచించియుండిరి. ప్రోగ్రామునకు రెండు పట్టికలు: తాను నడుచునప్పుడు కెర్నెల్ పేజీలు దాదాపు లేనిది ఒకటి, కెర్నెల్ నడుచునప్పుడు అన్నియు ఉన్నది ఒకటి. లినక్స్‌లో దీనిని హుటాహుటిని చేర్చిరి. గడప దాటినపుడెల్ల పట్టిక మార్చవలసివచ్చి, కెర్నెల్‌ను మాటిమాటికి పిలుచు ప్రోగ్రాములు కొంత నెమ్మదించినవి. తరువాత వచ్చిన ప్రాసెసర్లలో లోపమును సవరించిరి. నేడు కంప్యూటరును వెలిగించినంతనే లినక్స్ కెర్నెల్ తన క్రింద నున్న ప్రాసెసరు ఏ రకమైనదో మొదట చూచుకొని, ఒక్కొక్క ప్రోగ్రామునకు ఒక పట్టిక చాలునో రెండు కావలెనో అప్పుడు నిశ్చయించుచున్నది.