కొమ్మ మీంచి ముంజేతికి

పెళ్లి కుదిరిన ఇంట్లో నగల మాట మొదలైతే అది తులాల్లోనే నడుస్తుంది. కాసులపేరు ఎన్ని తులాల్లో, వడ్డాణం ఎన్ని తులాల్లో, పాతవి కరిగించి చేయిద్దామా, కొత్తవే తీసుకుందామా. ఈ లెక్కలన్నీ తేలాక, జాకెట్లు కుట్టడానికిచ్చి తిరిగొచ్చే దారిలో ఎవరో ఒకరికి గాజులు గుర్తొస్తాయి. నన్నడిగితే ఈ వరస తిరగేయాలి. షోరూముల్లో మెరిసే బంగారంలో ఇవాళ యంత్రాల మీద, అచ్చుల్లో తయారై వచ్చేది పెరిగింది. పెళ్లికూతురి చెయ్యి చూసి, ఆమె ఎదుటే నిప్పు సెగకు వంచి తొడిగే నగ మాత్రం ఇంకా మిగిలి ఉంది. అది లక్క గాజు.

దీని పుట్టుక అడవిలో. మోదుగ, రేగు, ఉత్తరాదిలో కుసుమ్ అని పిలిచే చెట్టు, ఇలాంటి వాటి లేత కొమ్మల మీద లక్కపురుగు పిల్లలు వేల సంఖ్యలో పాకి, నచ్చిన చోట ముట్టె దించి రసం పీలుస్తాయి. ఒంట్లోంచి ఊరే జిగురుతో తమ చుట్టూ గూడు కట్టుకుంటాయి. ఆడ పురుగు ఇక ఆ గూడు దాటి రాదు. గుడ్లు పెట్టి అందులోనే కన్ను మూస్తుంది. గూళ్లన్నీ కలిసిపోయి కొమ్మంతా గరుకైన పొరగా పేరుకున్నాక రైతు దాన్ని గీకి తీస్తాడు. పిల్లలు ఇంకా బయటికి రాని కొమ్మల్ని కొన్ని దాచి, విత్తనంగా వేరే చెట్లకు కడతాడు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెల్లో ఇది ఇప్పటికీ జీవనాధారం. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క మీద పరిశోధనకు 1924లోనే ఓ సంస్థ పెట్టారంటే ఆ పంటకున్న విలువ తెలుస్తుంది.

మనవాళ్లకు లక్కతో పరిచయం చాలా పాతది. అథర్వవేదంలో దెబ్బలు మాన్పే మందుగా దాన్ని కొలిచిన సూక్తం ఉంది. భారతంలో వారణావతంలో పురోచనుడు కట్టించిన లక్క ఇంటి కథ తెలుగింట పిల్లలకు కూడా తెలుసు. నిప్పు తగిలితే మెత్తబడి కరిగే, మరీ తగిలితే భగ్గున మండే ఆ గుణాన్నే ఒకడు పాండవుల్ని చంపడానికి వాడబోతే, ఇంకెవరో మహానుభావుడు గాజు వంచడానికి వాడుకున్నాడు. ఆ రెండోవాడి పేరు ఏ పురాణంలోనూ లేదు.

ఇంకో సంగతుంది. గీకి తెచ్చిన లక్కను నీళ్లలో కడిగితే ఎర్రటి రంగు దిగుతుంది. ఆడవాళ్ల పాదాలకు దిద్దిన లత్తుక అదే. ఆ పురుగు ఇచ్చిన ఎరుపు కాళ్లకూ, జిగురు చేతులకూ చేరాయన్న మాట. నిజానికి విదేశీ వర్తకుల కళ్లు ఎక్కువగా పడింది గాజుల మీద కాదు, ఆ రంగు మీద. 17వ శతాబ్దంలో బర్మా తీరపు పెగూ నుంచి మచిలీపట్నం రేవుకు వచ్చే ఓడల్లో కెంపులతో పాటు లక్క కూడా దిగేది. గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నమే పెద్ద రేవు.

మరో తెలుగు ఊరికి ఈ కథలో చోటుంది. సామర్లకోటలో ఉంటూ మన చెట్టూ చేమా పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్, కొండల మీంచి తెప్పించిన లక్క కొమ్మల్ని సీసాల్లో పెట్టి, పురుగులు బయటికి రావడం దగ్గరుండి చూసి రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అంతకు పదేళ్ల ముందు జేమ్స్ కెర్ అనే ఆయన కూడా అదే పత్రికలో ఈ పురుగు మీద రాశాడు. దాని శాస్త్రీయ నామంలోని కెర్రియా ఆయన పేరు మీదుగా వచ్చిందే.

19వ శతాబ్దం చివరికి రసాయన రంగులు వచ్చి లక్క ఎరుపును అడిగే దిక్కు లేకుండా చేశాయి. జిగురు మాత్రం బతికింది, గ్రామఫోన్ పుణ్యమా అని. వినైల్ రాక ముందు 78 ఆర్‌పీఎం రికార్డులు షెల్లాక్‌తో చేసినవే, షెల్లాక్ అంటే శుద్ధి చేసిన లక్కే. ఘంటసాల తొలినాళ్ల పాటలు ఊరూరా మోగింది ఆ పళ్లేల మీదే.

ఇక గాజు దగ్గరికొద్దాం. లక్క నగలకు దేశంలో రెండు ఊళ్లు పేరుమోశాయి. ఒకటి జైపూర్, అక్కడ మణిహారోం కా రాస్తా అని గాజులవాళ్ల వీధే ఉంది. రెండోది హైదరాబాద్. చార్మినార్‌కు పడమటి వైపు నుంచి మహబూబ్ చౌక్ దాకా సాగే లాడ్ బజార్ పాతబస్తీ పెళ్లిళ్లకు కావలసినవన్నీ దొరికే వీధి. గాజులు దాని ప్రాణం. ఇక్కడి పనిలో ప్రత్యేకత రాళ్లు ఒత్తుగా పొదగడం. అద్దం ముక్కలు, పూసలు, తళుకు రాళ్లు ఖాళీ కనపడకుండా కూరుస్తారు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. లక్కతోనే రంగులద్దే ఏటికొప్పాక బొమ్మలకు అది 2017లోనే వచ్చింది.

పని జరిగేది వీధిలో కాదు, వెనక సందుల్లోని ఇరుకు గదుల్లో. బొగ్గుల కుంపటి, పక్కన కర్రకు అంటించిన లక్క ముద్ద. లక్కలో గట్టిదనానికి రాతిపొడి లాంటివి కలుపుతారు. ముద్ద మెత్తబడగానే సన్నటి కడ్డీగా సాగదీసి, పైన రంగు లక్క పూసి, కావలసిన పొడవుకు కోసి గుండ్రంగా చుడతారు. కొసలు రెండూ సెగ చూపించి అతికి, చెక్క అచ్చుకు తొడిగి కొలత సరిచేస్తారు. తర్వాత మళ్లీ వేడి చేసి, ఆ మెత్తదనం ఉండగానే ఒక్కో రాయినీ చేత్తో అద్దుతారు. రాళ్లు పెట్టే పని చాలావరకు ఆడవాళ్లది, ఇళ్లలో కూర్చుని చేసేది. వేసవిలో ఆ కుంపటి ముందు ఓ పూట కూర్చుంటే ఎవరైనా బేరం మానేస్తారు. షోరూములో మజూరీ, తరుగు పేరిట వేలు కట్టి నోరెత్తని మనం, ఇక్కడ మాత్రం సగానికి అడుగుతాం.

బంగారం కూడా లక్కను వదల్లేదు. పాతకాలపు డొల్ల గుండ్లలో లోపల నింపింది లక్కే. కుందన్ నగల్లో రాయి కూర్చునేదీ లక్క మీదే. ఆ సెట్లు కొనేటప్పుడు లక్క బరువు, రాళ్ల బరువు విడిగా తీయించి బంగారం తూకం అడగండి.

తెలుగు పెళ్లిలో గాజులు పెళ్లికూతురు ఒక్కదానికే కాదు. ముహూర్తానికి ముందు ఇంటికి గాజులామెను పిలిపించి తోటి పెళ్లికూతురు, ఆడపడుచులు, వచ్చిన ముత్తైదువలు అందరికీ తొడిగించడం చాలా ఇళ్లలో ఉంది. అవి మట్టిగాజులు, ఎరుపో ఆకుపచ్చో. వాటిని తీసేసి లక్క పెట్టనక్కర్లేదు. మట్టిగాజులు మధ్యన ఉంచి అటూ ఇటూ లక్క గాజు వేస్తే రెండూ నిలుస్తాయి. పెళ్లికూతురికి రాళ్లు ఒత్తుగా ఉన్న జత, తోటివాళ్లకు అదే రంగులో సన్నటివి. అందరికీ ఒకే బరువు జత కొంటే పెద్దావిడలు సాయంత్రానికి తీసి సంచిలో వేసేస్తారు.

కొలత దగ్గరే చాలామంది తికమకపడతారు. రెండు-నాలుగు అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంపావు. రెండు-ఎనిమిది రెండున్నర. అందుకే రెండు-పది దానికంటే పెద్దది. సరిపోయే పాత గాజు ఒకటి వెంట తీసుకెళ్తే ఈ లెక్కలే అక్కర్లేదు. అచ్చమైన లక్క బిగువైతే అతుకు దగ్గర సెగ చూపి మళ్లీ వంచి ఇస్తారు, ప్లాస్టిక్ గాజుకు ఆ వీలు లేదు. ఇప్పుడు లక్క గాజుల పక్కనే ప్లాస్టిక్‌వీ అమ్ముతున్నారు కాబట్టి అడిగి తీసుకోండి. లోపల ఇత్తడి చట్రం ఉంటే మోసం అనుకోవద్దు, అది బలం కోసం. జతలో ఒక గాజుకూ ఇంకోదానికీ రవ్వంత తేడా కనిపిస్తే అది చేతిపని అనుకోండి.

ముహూర్తం ఇంకా నెలరోజులు ఉండగానే చీర అంచు ముక్కతో వెళ్లి చేయించుకోండి. సెంటు, శానిటైజర్ ఆరాకే గాజులు వేసుకోండి, లక్క ఆల్కహాల్లో కరుగుతుంది. ఎండలో నిలిపిన కారులో మాత్రం వాటిని వదిలేసి వెళ్లకండి.