మొద్దుబారిన మచ్చ



‘పెద్దరోగము’ అను మాట వచ్చినపుడు మన పల్లెలలో నేటికిని గొంతులు తగ్గును. ఆ భయమే రోగముకంటె ఎక్కువ హాని చేసినదని చరిత్ర చెప్పుచున్నది.

లేవీయకాండము 13వ అధ్యాయములో యాజకుడు చర్మముమీది మచ్చను పరీక్షించు విధి కలదు. అచ్చటి హెబ్రీ మాట అనేక చర్మరోగములకు వర్తించునని పండితులందురు. లోకము రోగిని ఊరి వెలుపల నుంచుట నేర్చుకొనెను గాని, మచ్చను ఓపికతో చూచుట నేర్చుకొనలేదు.

1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ ఈ వ్యాధికి ఒక సూక్ష్మక్రిమి కారణమని కనుగొనెను. ఇది శాపము కాదనియు, వంశపారంపర్యము కాదనియు తేలెను. అయినను 1898లో మన దేశమున బీదరోగులను నిర్బంధించు చట్టము వచ్చెను. 2016లో గాని పార్లమెంటు దానిని రద్దుచేయలేదు. అట్టి దినములలో దిక్కులేనివారికి తలుపు తెరచినవి మిషను ఆసుపత్రులు. మన సాలూరులోని ఫిలదెల్ఫియా ఆసుపత్రి అట్టిదే. సాలూరు 2022 వరకు విజయనగరం జిల్లాలో నుండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది.

కుష్ఠువలన వ్రేళ్లు కుళ్లి రాలునని పూర్వము నమ్మిరి. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ రోగుల దినచర్యను గమనించి వేరొక సంగతి చూపెను. క్రిమి నరములను చెరుపును. అప్పుడు నొప్పి తెలియదు. కాగిన గిన్నె పట్టుకొన్నను, చుట్ట వ్రేళ్ల నడుమ కాలినను, కాలిలో ముల్లు దిగినను మనుష్యుడెరుగడు. ఆ పుండ్లే వ్రేళ్లను చెరుపును. నొప్పిని మనము శత్రువని తిట్టుదుము. అది దేహమునకు కావలివాడు.

కాబట్టి ఈ గురుతులు తెలిసికొనుడి. ఒంటిమీద పాలిపోయిన లేక ఎఱ్ఱని మచ్చ. దురద లేదు, నొప్పి లేదు, తాకినను తెలియదు. చేతులు కాళ్లు మొద్దుబారుట. నడచునపుడు చెప్పు జారిపోయినను తెలియకుండుట. చెవితమ్మెలు దళసరియగుట. కనురెప్ప మూతపడకుండుట. బాధ లేదు గనుక పరవాలేదని యనుకొందురు. బాధ లేకపోవుటయే ఇచ్చట హెచ్చరిక.

1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులను కలిపి యిచ్చు చికిత్సను సూచించెను. ఆ దశాబ్దములోనే అది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు చేరెను. రోగమునుబట్టి 6 నెలలు, లేక 12 నెలలు మందు మ్రింగవలెను. ప్రభుత్వ ఆసుపత్రిలో అది ఉచితము. మందు మొదలుపెట్టిన కొద్దికాలములోనే ఇతరులకు అంటు భయము తొలగును. అయితే చచ్చిన నరము మరల బ్రదుకుట అరుదు. అందుచేత ఆలస్యము కూడదు.

2005 చివర దేశమంతటి లెక్కలో రోగుల సంఖ్య పదివేలమందికి ఒక్కరికంటె తక్కువ యయ్యెను. వ్యాధి పోయెనని దీని యర్థము కాదు. క్రొత్త రోగులు నేటికిని కనబడుచున్నారు. పిల్ల పెండ్లి చెడునని మచ్చను పైట క్రింద దాచు తల్లి, ఆ పిల్ల చేతినే పోగొట్టుచున్నది. ప్రభువు కుష్ఠురోగిని చేయి చాపి ముట్టెను. మన సంఘములో ఎవరికైనను అట్టి మచ్చ యున్నయెడల, గుసగుసలు మాని, వారితోకూడ ఆసుపత్రికి నడచి వెళ్లుదము.