తయారు కాని బడి

మా పిల్లలు బడికి తయారై రారట. మీటింగులల్ల ఎప్పుడూ ఇదే మాట. "వీళ్లకు బేసిక్స్ లేవు సార్" అంటరు. ముందుగాళ్ల "వీళ్లకు చదువు అబ్బదు" అనెటోళ్లు. మాట మారింది గని చూపు మారలే. 2022ల తెలంగాణ బడులల్ల తొలిమెట్టు మొదలైంది. ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలకు చదువుడు, రాసుడు, లెక్కలు ఎంత వచ్చో చూసి, రానికాడ్నించి చెప్పాలె. మంచి పనే. నేనూ చేస్తున్న. కని పిల్లగాడు ఏ మెట్టు మీదున్నడో చూసెటోళ్లు, ఆ పిల్లగాని ఇంటి మాట బడికి ఎంత తెలుసో చూడరు.

మాది జైనూర్. మాంగోళ్లం. నాయిన తాళ్లు పేనెటోడు, పెండ్లిళ్లకు బాజా కొట్టెటోడు. ఇంట్ల మరాఠీ, గోండుగూడెం పోతే గోండి, సంతల తెలుగు, ఉర్దూ. ఆరేండ్లకే నాలుగు భాషలు నా చెవుల పడ్డయి. బడికి పోంగనే నేను ఏమీ రానోణ్ని అయిన. 'అ' అంటే 'అమ్మ' అన్నరు. మా ఇంట్ల ఉన్నది ఆయి. దూపైతే 'పాణి' అన్న, నవ్విన్రు. నా పక్కన కూసున్న గోండు పిల్లగాడు 'ఏర్' అన్నడు, వాణ్ని జూసీ నవ్విన్రు. ఇద్దరం నోరు మూసుకున్నం. మొద్దులు అని పేరువడ్డది. 1991 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌ల నూటికి 44 మంది అక్షరాస్యులు. దళితులల్ల సుమారు 32, గిరిజనులల్ల 17. ఈ తేడాను మా తలకాయల తేడా అనుకున్నోళ్లు ఎందరో.

చిత్రమేందంటే ఇదే జైనూర్ మండలంల మార్లవాయి ఉంది. 1940ల జోడేఘాట్‌ల కుమ్రం భీమును నిజాం పోలీసులు చంపిన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డరో చూసెటందుకు సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆస్ట్రియాల పుట్టిన మానవశాస్త్రవేత్త. భార్య బెట్టీతో మార్లవాయిల ఉన్నడు. 1943ల అక్కడ గోండు యువకులను సార్లుగ తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. చదువొచ్చిన గోండులు దొరుకుడే గగనం. దొరికినోళ్లకు ఎక్కువగా వచ్చింది మరాఠీ అక్షరాలు. అందుకే గోండి వాచకాలను దేవనాగరి లిపిల అచ్చేసిన్రు. పిల్లలు ముందు సొంత మాటల చదువుడు నేర్చుకోవాలె, రాజ్యభాష ఉర్దూ తర్వాత. అంటే ముందు సారు తయారయిండు, తర్వాత పుస్తకం తయారైంది, ఆ తర్వాతే పిల్లలను పిలిచిన్రు.

హైమన్‌డార్ఫ్‌ను దేవుణ్ని చెయ్యబోను. ఆయన్ను పంపింది భీమును చంపిన సర్కారే. అది గోండు విద్యా పథకం. మా మాంగువాడ దాని పేరుల లేదు. హైదరాబాద్‌ల భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచే దళిత పిల్లలకు తెలుగుల బడులు పెట్టిండు, ఉర్దూ ఏలే రోజులల్ల. పట్నంల మావోళ్లకు ఆయన దొరికిండు. అడివిల ఉన్న మావోళ్లకు ఎవరూ దొరకలే.

1956ల ఆంధ్రప్రదేశ్ వచ్చింది. తెలుగు రాజ్యం, తెలుగు బడి. గోండి వాచకాలు మూలకు వడ్డయి. దాదాపు యాభై ఏండ్లకు, 2003-04ల, గోండి, కోలామి, లంబాడీతో పాటు ఎనిమిది భాషలల్ల వాచకాలు తెచ్చిన్రు, తెలుగు లిపిల. మరాఠీ మాట్లాడే దళిత పిల్లలు ఆ ఎనిమిదిల లేరు. 2022-23ల సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంల ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మా పిల్లగాడు ఏ పేజీల ఉన్నడు? ఇంగ్లీషు వద్దని నేను అనను. మా పిల్లలకు వద్దనేటోళ్ల పిల్లలు ఏ బడికి పోతున్నరో మనకు తెలుసు.

ఇంకో మాట మావోళ్లకు నచ్చకపోవచ్చు. 2000ల వచ్చిన మూడో నంబరు జీవో, ఏజెన్సీల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. దాంతోని డిగ్రీ, బీఎడ్ చేసిన నాకు సొంతూర్ల కొలువు రాలే, మైదానంల వచ్చింది. ఇంట్ల మొదటి డిగ్రీ నాదే. అయ్యకు ఆయికి దూరమైన. 2020ల సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. మా దోస్తులు కొందరు ఫోన్లు చేసి సంబరపడ్డరు. నాకు సంబరం అనిపియ్యలే. పిల్లగాని మాట వచ్చిన సారు ఆ బడిల ఉండుడు ఎంత అవసరమో 'ఏర్' అన్న నా దోస్తుకు తెలుసు. వాడు మూడో తరగతిలనే బడి ఇడిసి పెట్టిండు. నూటికి నూరు ఇయ్యద్దు అన్నది కోర్టు. ఇయ్యకుంటే గోండి వచ్చిన సారును ఎట్ల తెస్తరో సర్కారు చెప్పాలె. మరాఠీ వచ్చిన మాంగు సారుకు, మాంగు టీచరమ్మకు అండ్ల జాగ ఎంతో కూడా చెప్పాలె. ఈ రెండూ కలిపి అడగాల్సింది మేమూ గోండులూ. విడివిడిగ అడిగితే మమ్మల్ని కొట్లాట పెట్టుడు అల్కగ అయితది.

ఇప్పుడు నా ఒకటో తరగతిల పదకొండు మంది. ఇండ్లల్ల మూడు భాషలు. నోటుబుక్కుల మూడు వరుసలు గీసి, నీళ్లు, ఆకలి, నొప్పి, బువ్వ, ఇల్లు అన్న మాటలు రాసుకుంటున్న. కోలామి నాకు రాదు. ఒక పిల్లగాని తాత సాయంత్రాలు వచ్చి చెప్తడు. మొన్న తనిఖీకి వచ్చిన సారు ఆ నోటుబుక్కు తిరగేసి "ఇది సిలబస్‌ల లేదు గద" అన్నడు.

"లేదు సార్" అన్న.