దూరదర్శన్ ఆదివారపు పిల్లల కార్యక్రమాలు

దూరదర్శన్ ఆదివారపు పిల్లల కార్యక్రమాలు అనగా 1980, 1990 దశకాలలో ప్రభుత్వ టెలివిజను సంస్థ అయిన దూరదర్శన్, ముఖ్యముగా ఆదివారం నాడు ప్రసారం చేసిన బాలల ధారావాహికలు, బొమ్మల చిత్రాలు (కార్టూన్లు). వీటిలో కొన్ని నేరుగా పిల్లల కోసం తయారైనవి కావు. రామాయణం వంటివి ఇంటిల్లిపాదికీ ఉద్దేశించినవే అయినా పిల్లల జ్ఞాపకాలలోనే ఎక్కువగా నిలిచి ఉన్నాయి. ఈ వ్యాసం ఆ కార్యక్రమాలను హైదరాబాదు నగరం, అందునా కార్వాన్ ప్రాంతం దృష్టితో పరిచయం చేస్తుంది.

శనివారమా, ఆదివారమా?

అమెరికాలో పిల్లల టెలివిజను అనగానే శనివారం ఉదయం గుర్తుకు వస్తుంది. అక్కడ బడులకు శని, ఆదివారాలు రెండూ సెలవు కావడంతో 1960ల నుండి సి.బి.ఎస్., ఎ.బి.సి., ఎన్.బి.సి. సంస్థలు శనివారం ఉదయాన్ని బొమ్మల చిత్రాలకు కేటాయించాయి. స్కూబీ-డూ 1969 సెప్టెంబరు 13, శనివారం నాడు మొదలయినది. ఈ ఆనవాయితీ 2014 సెప్టెంబరుతో అక్కడి పెద్ద ప్రసార సంస్థలలో దాదాపు ముగిసినది.

ఆంధ్ర ప్రదేశ్ లో శనివారం బడికి పోవలసిన రోజే. రెండవ శనివారాన్ని మినహాయిస్తే పిల్లలకు మిగిలినది ఆదివారమే. అందుచేత మన వద్ద ఆ స్థానాన్ని ఆదివారం ఆక్రమించినది. శనివారానికి వేరే ఆకర్షణ ఉండేది. హైదరాబాదు కేంద్రం ఆ సాయంత్రం తెలుగు చలనచిత్రం ప్రసారం చేసేది. శుక్రవారం చిత్రలహరి, శనివారం సినిమా, ఆదివారం ఉదయం ధారావాహికలు - వారాంతం మొత్తం ఇదే వరుస. ఒకే చానెలు ఉన్న రోజులు కాబట్టి ఏమి చూడాలన్న తర్జనభర్జన ఎవరికీ ఉండేది కాదు.

తొలి ప్రయత్నాలు

టెలివిజను రాకముందు తెలుగు పిల్లలకు ప్రసార వినోదం రేడియో ద్వారా అందినది. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలుగా ప్రసిద్ధి చెందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడిపిన బాలానందం ఇందులో ముఖ్యమైనది. పిల్లల చేతనే పాడించి, మాట్లాడించి, నాటికలు వేయించిన కార్యక్రమం అది. తరువాత వచ్చిన టెలివిజను పిల్లలను ఎక్కువగా ప్రేక్షకులుగానే ఉంచినది.

తెలుగులో బాలల టెలివిజను హైదరాబాదు నగరంలో కాక పల్లెల్లో మొదలయినదన్న సంగతి చాలామందికి తెలియదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు ఇస్రో, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కలిసి ఉపగ్రహ బోధనా టెలివిజను ప్రయోగం (సైట్) నిర్వహించాయి. నాసా వారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్ర ప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఉదయం పూట బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు ప్రసారాలు ఉండేవి. పిల్లల పాఠాలు హిందీ, ఒరియా, కన్నడంతో పాటు తెలుగులోనూ వచ్చేవి. ఒక్కొక్కటి ఇరవై రెండున్నర నిమిషాల నిడివి. కార్యక్రమాలు తయారు చేసిన కేంద్రాలలో హైదరాబాదు ఒకటి. పల్లెల్లో అమర్చిన టీవీ పెట్టెలను తయారు చేసినది కూడా హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థయే. ఏడాది గడువు తీరగానే నాసా ఉపగ్రహాన్ని వెనక్కు తీసుకొనడంతో ఆ పిల్లల తెరలు మూగబోయాయి.

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరులో ప్రారంభమయినది. 1982లో రంగుల ప్రసారాలు, ఢిల్లీ నుండి జాతీయ కార్యక్రమాలు వచ్చాయి. 1983లో ఇన్శాట్-1బి ఉపగ్రహం అందుబాటులోకి వచ్చిన పిమ్మట బడి పిల్లల కోసం తెలుగులో విద్యా కార్యక్రమాలు మళ్ళీ మొదలయ్యాయి. వీటి తయారీకి హైదరాబాదులో రాష్ట్ర విద్యా సాంకేతిక సంస్థ ఏర్పడినది. పాఠాలు కావడం వలన కాబోలు, పాత కార్యక్రమాలను తలచుకొనేవారు వీటిని అరుదుగా ప్రస్తావిస్తారు.

కార్వాన్ లో

కార్వాన్ అనగా పారశీక భాషలో బిడారు. గోల్కొండ కోటకు, 1578లో కట్టిన పురానాపూల్ వంతెనకు నడుమ ఉన్న ఈ ప్రాంతం కుతుబ్ షాహీల కాలంలో వర్తకుల బిడారులు విడిది చేసే చోటు. గోల్కొండ వజ్రాల వ్యాపారంతో దీనికి సంబంధం ఉన్నది. 1671లో మూసా ఖాన్ మహల్దార్ కట్టించిన టోలీ మసీదు, బోనాలకు పేరు పొందిన దర్బారు మైసమ్మ గుడి ఇక్కడే ఉన్నాయి. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, మార్వాడీ, గుజరాతీ మాట్లాడే కుటుంబాలు పక్కపక్కనే నివసించే పేట ఇది.

ఈ భాషల కలయిక టెలివిజను విషయంలో ఒక తేడా తెచ్చినది. కోస్తా, రాయలసీమ జిల్లాలలో పిల్లలకు ఢిల్లీ కార్యక్రమాల హిందీ అంతు పట్టేది కాదు. బొమ్మ చూసి కథ ఊహించుకొనేవారు, లేక పక్కనున్న అన్నయ్యను అడిగి తెలుసుకొనేవారు. కార్వాన్, జియాగూడ, కుల్సుంపురా వంటి పేటల్లో గల్లీలో ఆడుకొనే భాషకూ తెరమీది భాషకూ అంత దూరం లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు కూడా మాటలు తేలికగా అందుకొనేవారు. తెరమీద వినిపించే శుద్ధ హిందీని దక్కనీ యాసలోకి మార్చి వెక్కిరించడం కూడా ఒక ఆట.

గల్లీకి ఒకటి రెండు ఇళ్ళలో మాత్రమే టీవీ ఉన్న కాలంలో ఇరుగుపొరుగు పిల్లలందరూ ఆ ఇంటి గడపలో చేరేవారు. చెప్పులు వాకిట్లో విడిచి, నేలమీద కూర్చొని చూడడం మర్యాద. గాలికి యాంటెన్నా తిరిగితే ఒకడు మిద్దె ఎక్కి దానిని తిప్పడం, కింద నుండి మిగిలినవారు "వచ్చింది, వచ్చింది, పోయింది" అని కేకలు వేయడం అప్పటి వారందరికీ అనుభవమే. "అంతరాయానికి చింతిస్తున్నాము" అన్న పలక కనిపించినప్పుడు ఎవరూ లేచిపోయేవారు కాదు.

కర్ఫ్యూ రోజులను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పాతబస్తీలోను, దానిని ఆనుకొని ఉన్న పేటల్లోను 1980లలో, ముఖ్యముగా 1990 డిసెంబరులో మతకల్లోలాలు చెలరేగాయి. బడులు మూతపడి, పిల్లలు గడప దాటడానికి వీలులేని ఆ రోజుల్లో పక్కింటి టీవీ సైతం దూరమయ్యేది. కాబట్టి ఆ తరం జ్ఞాపకాలన్నీ తీపివే అనుకొనడం పొరపాటు.

కార్యక్రమాలు

1985లో మొదలయిన విక్రమ్ ఔర్ బేతాళ్ తెలుగు పిల్లలకు కొత్త కథ కాదు. 1947 జూలైలో మొదలయిన చందమామ పత్రిక ద్వారా బేతాళ కథలు అప్పటికే ఇంటింటా తెలుసు. చెట్టుమీది శవాన్ని భుజాన వేసుకొని, కత్తి దూసి నడిచే విక్రమార్కుని చిత్రకారుడు శంకర్ వేసిన బొమ్మతో పోల్చి, తెరమీది రాజును కొందరు మెచ్చారు, కొందరు పెదవి విరిచారు. ఇందులో విక్రమునిగా నటించిన అరుణ్ గోవిల్ రెండేళ్ళలోనే రామునిగా దేశమంతటికీ తెలిసిపోయారు.

రామానంద సాగర్ రామాయణం 1987 జనవరి 25 నుండి 1988 జూలై 31 వరకు, బి.ఆర్. చోప్రా మహాభారతం 1988 అక్టోబరు 2 నుండి 1990 జూన్ 24 వరకు ఆదివారం ఉదయం ప్రసారమయ్యాయి. ఆ సమయంలో వీధులు నిర్మానుష్యంగా ఉండేవని చెప్పుకోవడం అతిశయోక్తి కాదు. మహాభారతానికి మాటలు రాసినది రాహీ మాసూమ్ రజా. ఆయన ఉర్దూ, హిందీ రెండింటిలోను రచయిత. ధారావాహిక ముగియగానే పిల్లలు చీపురు పుల్లలతో, వెదురు బద్దలతో విల్లంబులు చేసుకొని యుద్ధానికి దిగేవారు. ఈ ఆటలో కళ్ళకు గాయాలైన పిల్లల గురించి అప్పటి కంటి వైద్యులు రాశారు.

విదేశీ కార్యక్రమాలలో హీ-మ్యాన్, స్పైడర్-మ్యాన్, జపాను వారి జెయింట్ రోబోట్ 1980లలో వచ్చాయి. ఆర్.కె. నారాయణ్ కథల ఆధారంగా శంకర్ నాగ్ తీసిన మాల్గుడి డేస్ వీటికి పూర్తిగా భిన్నమైనది. మాయలు, యుద్ధాలు లేకుండా ఒక చిన్న ఊరి బడి పిల్లవాని కష్టసుఖాలను చూపినది. దూరదర్శన్ బాలల కార్యక్రమాలన్నింటిలో ఇది మేలైనదని చెప్పవచ్చును. 1990ల ప్రథమార్ధంలో హిందీలోకి అనువదించిన డిస్నీ వారి డక్ టేల్స్, టేల్ స్పిన్ ఆదివారం నాడు వచ్చాయి. జపానులోని నిప్పన్ యానిమేషన్ 1989లో నిర్మించిన జంగిల్ బుక్ 1993లో హిందీలో ప్రసారమయినది. దాని మొదటి పాటను గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. షేర్ ఖాన్ అనే పులికి నానా పాటేకర్ గొంతునిచ్చారు. మధ్య ప్రదేశ్ అడవుల నేపథ్యంగా ఆంగ్లేయుడు రాసిన కథ జపాను మీదుగా మళ్ళీ మన ఇళ్ళకు చేరడం విచిత్రమే.

శక్తిమాన్

ముకేష్ ఖన్నా నిర్మించి, నటించిన శక్తిమాన్ 1997 సెప్టెంబరు 13న మొదలయినది. అది శనివారం. తొలినాళ్ళలో శనివారం పగటిపూట వచ్చేది కనుక పిల్లలు బడి ఎగ్గొడుతున్నారన్న ఫిర్యాదులు వచ్చాయి. తరువాత దానిని ఆదివారానికి మార్చారు. 2005 మార్చి 27 వరకు ప్రసారమయినది. పత్రికలో పనిచేసే అమాయకుడు గంగాధర్ గిరగిర తిరిగి శక్తిమాన్ గా మారడం, తమరాజ్ కిల్విష్ అనే చీకటి రాజుతో పోరాడడం ఇందులోని కథ.

తమను శక్తిమాన్ వచ్చి కాపాడతాడని నమ్మి పిల్లలు నిప్పంటించుకొన్నారని, ఎత్తు నుండి దూకారని 1990ల చివర పత్రికలలో వార్తలు వచ్చాయి. వాటిలో ఎన్నింటికి ఈ కార్యక్రమమే కారణమన్నది వివాదాస్పదం. ఏది ఏమైనా, ఇటువంటి సాహసాలు చేయవద్దని శక్తిమాన్ స్వయంగా పిల్లలను హెచ్చరించే భాగాలు చేర్చారు. ప్రతి వారం చివర చెప్పే మంచి అలవాట్ల మాటలు కూడా జనాదరణ పొందాయి.

తెలుగు లోటు

పైన చెప్పిన వాటిలో ఒక్కటి కూడా తెలుగులో తయారైనది కాదు. చందమామ, బాలమిత్ర వంటి పత్రికలు, బాలానందం వంటి రేడియో కార్యక్రమం ఉన్న భాషలో టెలివిజను బాల్యం మాత్రం హిందీలో గడిచినది. హైదరాబాదు కేంద్రం పిల్లలతో ఆటపాటలు, కథలు, నాటికలు ప్రసారం చేయకపోలేదు. కాని జాతీయ ధారావాహికలకు ఉన్న ఖర్చు, హంగు వాటికి లేవు.

1990లలో కేబుల్ వచ్చాక పరిస్థితి మారినది. 1995లో కార్టూన్ నెట్‌వర్క్, అదే ఏడాది ఆగస్టులో ఈటీవీ ప్రారంభమయ్యాయి. 2004 డిసెంబరులో మొదలయిన డిస్నీ చానెలుకు తెలుగు అనువాదం తొలి నుండి ఉన్నది. 2009లో సన్ సంస్థ తెలుగు పిల్లల కోసం ఖుషీ టీవీ, 2021లో రామోజీ సంస్థలు ఈటీవీ బాల భారత్ ప్రారంభించాయి. రోజంతా బొమ్మల చిత్రాలు దొరకడంతో ఆదివారం కోసం ఎదురుచూడవలసిన అవసరం పోయినది.

ఇంతలో హైదరాబాదు యానిమేషన్ కు కేంద్రంగా ఎదిగినది. రాజీవ్ చిలక 2001లో ఇక్కడ స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థ తయారు చేసిన ఛోటా భీమ్ 2008 నుండి పోగో చానెలులో వచ్చి దేశమంతటా ప్రసిద్ధి చెందినది. నగరానికే చెందిన డి.క్యూ. ఎంటర్‌టైన్‌మెంట్ 2010లో జంగిల్ బుక్ ను కంప్యూటరు బొమ్మలతో మళ్ళీ తీసినది. ఒకప్పుడు మోగ్లీని చూస్తూ కూర్చున్న నగరమే మోగ్లీని తయారు చేసినదన్నమాట.

పునఃప్రసారాలు, భద్రపరచడం

కరోనా లాక్‌డౌన్ కాలంలో 2020 మార్చి 28 నుండి దూరదర్శన్ రామాయణాన్ని తిరిగి ప్రసారం చేసినది. ఏప్రిల్ 16 నాటి భాగాన్ని 7.7 కోట్ల మంది చూశారని ఆ సంస్థ ప్రకటించినది. మహాభారతం, శక్తిమాన్, జంగిల్ బుక్ కూడా అదే సమయంలో మళ్ళీ వచ్చాయి. పాత కార్యక్రమాల కోసమే డి.డి. రెట్రో అనే చానెలు ఏప్రిల్ నెలలో మొదలయినది. ఒకప్పటి పిల్లలు తమ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని వీటిని చూశారు. రోజూ వేగంగా సాగే బొమ్మలకు అలవాటు పడిన చిన్నవారికి నిదానంగా నడిచే ఆ బాణాల యుద్ధాలు నవ్వు తెప్పించాయి కూడా.

ఇలా తిరిగి చూడగలిగినవి టేపులు మిగిలినవి మాత్రమే. అవి చాలావరకు ప్రైవేటు నిర్మాతలు తీసి దాచుకొన్న జాతీయ ధారావాహికలు. ప్రాంతీయ కేంద్రాలలో ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు. ప్రసారం అయిపోయిన దానిమీదనే కొత్త కార్యక్రమం రికార్డు చేసేవారు. సైట్ కాలపు తెలుగు పాఠాలు, హైదరాబాదు స్టూడియోలో పిల్లలు పాడిన పాటలు, వేసిన నాటికలు మళ్ళీ చూద్దామంటే దొరకడం కష్టం. వాటిలో పాల్గొన్న పిల్లలు ఇప్పుడు యాభై, అరవై ఏళ్ళవారు. అందుచేత నేడు పాత టీవీ జ్ఞాపకాలుగా చలామణీ అవుతున్నవి ఢిల్లీ, బొంబాయిల నుండి వచ్చినవే. హైదరాబాదు కేంద్రం నుండి వెలువడినవి అప్పుడు చూసినవారు, పాల్గొన్నవారు చెబితే తెలియవలసినదే.